ఎంకన్న దువ్వెన

పేరు ఎన్కార్నా అంది.
మా వీధి నోట్లో పడి మూడురోజులకే
అది ఎంకన్న అయిపోయింది.
ఆడమనిషికి ఎంకన్నేటే అని మేం నవ్వితే
తనూ నవ్వింది, ఎందుకో తెలీకుండానే,
మాకంటే గట్టిగా.

కొమ్ము పని నేర్చుకోడానికని పర్లాకిమిడి వచ్చింది.
వాళ్ళ దేశం దక్షిణపు కొసన
పండగనాడు ఆడోళ్ళు కొప్పు వెనక
జానెడెత్తు దువ్వెన గుచ్చుకుంటారట,
దాని మీంచి నల్ల అల్లిక ముసుగు జారుతుందట.
"ఇప్పుడన్నీ ప్లాస్టిక్" అని మూతి తిప్పింది.
మహారణా గారు తను చెక్కిన కొమ్ము కొంగల్ని చూసుకుని
ఒరియాలో అదే మాటన్నారు.
ఇద్దరి మధ్యా దుబాసీని నేనే,
సగం సైగలు, సగం ధైర్యం.

మేడ మీద గది. నీళ్ళు బావివి.
ఎండ సంగతి ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.
పన్నెండు కొట్టేసరికి కిటికీ రెక్కలు మూసి
గచ్చు మీద నీళ్ళు జల్లుకుని
చెంప ఆనించి పడుకునేది.
మీ ఊళ్ళోనూ ఇంతేనా అంటే
"మా ఊళ్ళో కుక్కలు కూడా నాలుగింటిదాకా లేవవు" అంది.
ఆవేళ్టి నుంచీ నాకామె పరాయిది కాదు.

టమాటాలూ దోసకాయా వెల్లుల్లీ
నిన్నటి బ్రెడ్డు ముక్కలూ రోట్లో నూరి
కుండలో చల్లబెట్టి గ్లాసులో పోసిచ్చింది.
"ఇది చారూ కాదు పచ్చడీ కాదు" అన్నాడు మా ఆయన,
రెండో గ్లాసు చాపుతూ.
నేను సల్దికూట్లో ఉల్లిపాయ నలిపి పెట్టాను.
కళ్ళు మూసుకు తిని
వాళ్ళ అమ్మమ్మ పేరేదో అంది.

ఆ అమ్మమ్మ ఇల్లు కొండ మీదట.
సున్నం కొట్టిన వీధి, కింద మన జీడితోటల్లాగ
వరసలు వరసలుగా ఆలివ్ చెట్లు.
కొడుకులంతా జర్మనీ కార్ఖానాలకి పోతే
ఎవరో ఇంగ్లీషు ముసలి జంట కొనుక్కున్నారట,
ఎండ కోసం.
ఎండ కోసం!
మా వీధి వారంరోజులు ఇదే చెప్పుకుంది.
పదేళ్ళయినా వాళ్ళకి ఆ ఊరి మాటలు మూడే వచ్చట:
రొట్టె, బిల్లు, రేపు.
"నాకు నలభై వచ్చు" అని వేళ్ళు మడిచింది.
ఏటి, సాలు, ఉండెహె,
నాలుగోది మా ఆయన నేర్పిన బూతు.

పరదేశీ ఇంట్లో ఉంటే ఠాణాలో కాగితమివ్వాలి.
రాసే బాబు ఆమె ఊరి పేరు
మూడుసార్లు కొట్టేసి మూడుసార్లు రాశాడు.
తర్వాత నా వైపు తిరిగి
"తమరిది ఆంధ్రాయా?" అన్నాడు.
నేను ఈ వీధిలోనే పుట్టాను. మా అమ్మా ఇక్కడే.
ఆ మాట ఒరియాలో చెప్పి
ఒరియాలోనే సంతకం పెట్టాను.
బయటికొచ్చాక ఎంకన్న నా చెయ్యి పట్టుకుంది,
నేనే కొత్తగా వచ్చినట్టు.

ఓ ఆదివారం ఏరు దాటి
పాతపట్నం సంతకెళ్ళాం.
వంకాయలు బేరమాడుతోంది.
కొట్టువాడు తూకం రాయి వెయ్యబోయి ఆగాడు.
"ఒరియా తెలుగులాగుందే.
పర్లాకిమిడి మనిషివేటమ్మా?"

ఆ తెల్ల మొహాన్నీ ఆ పిల్లి కళ్ళనీ చూసి కాదు,
మాట విని అడిగాడు.
నలభైయేళ్ళుగా ఆ మాట నా ఒంట్లో ముల్లు.
తను మాత్రం గెడ్డం ఎత్తి
"అవును" అంది.
కిలోకి రెండు రూపాయలు తగ్గించాడు కూడా.

వీసా అయిపోయింది.
రెండు దువ్వెనలు చేసి ఒకటి పట్టుకెళ్ళింది.
రెండోది నాకు. పిడికెడు జుట్టులో నిలవదు,
బియ్యం డబ్బా మీద గోడకానించి పెట్టాను.
పొద్దుటెండ తగిలితే
కొమ్ము లోపల తేనె కదుల్తుంది.

మేడ మీద గదిలో ఇప్పుడు
బరంపురం బ్యాంకు కుర్రాడు.
మిట్టమధ్యాన్నం కిటికీలు బార్లా తెరిచి
చెమటలు కక్కుతూ కూర్చుంటాడు.
ముయ్యి బాబూ అని
రెండు భాషల్లోనూ చెప్పి చూశాను.